తుని కనపడలేదు

మా తాత గోవిందరావు టైపు కొట్టేటప్పుడు వేళ్ళ వంక చూసేవాడు కాదు. మిషను మీది కాగితం వంకా చూసేవాడు కాదు. ఎడంపక్క స్టాండుకి పెట్టిన చిత్తుప్రతి మీదే ఆయన చూపంతా. అదే మనిషి భోజనానికి కూర్చుంటే కంచంలో ఒక్కో మెతుకునీ పరీక్ష చేసి తినేవాడు. "ఆ సూపేదో ఆ మిషను మీద పెట్టొచ్చు కదా" అనేది మా అమ్మమ్మ రాజులమ్మ. పెట్టాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. తాత కొట్టిన కాగితాన్ని చోడవరం ప్లీడర్లు మళ్ళీ చదవకుండానే సంతకం పెట్టేవారు.

ఆయన వడ్డాదిలో చెరకు రైతు కొడుకు. పదహారేళ్ళప్పుడు బెల్లం బండి తోలుకుని చోడవరం వచ్చాడట. మెయిన్‌రోడ్డులో ఒక మేడ మీంచి టకటకమని చప్పుడు వినపడితే, ఏమిటో చూద్దామని మెట్లెక్కాడు. కిందికి దిగేసరికి ఎద్దులు బండితో సహా ఇంటికెళ్ళిపోయాయి. వాళ్ళ నాన్న ఎద్దులకున్న బుద్ధి నీకు లేదన్నాడట. తాత మర్నాడు నడుచుకుంటూ వచ్చి ఆ మేడ మీదే చేరాడు. టైపు నేర్చుకున్నాడు, షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్నాడు, చివరికి మందులషాపు మేడ మీద మూడు మిషన్లతో తనే 'ఉదయ టైప్ ఇన్‌స్టిట్యూట్' పెట్టాడు. వెనక గదుల్లోనే కాపురం. ముప్ఫై ఏడేళ్ళు నడిపాడు.

పదో తరగతి లెక్కల్లో రెండోసారి కూడా తప్పాక మా అమ్మ నన్ను గాజువాక నుంచి ఇక్కడికి పంపింది. టైపన్నా వస్తుందని ఆశ. తాత దగ్గర చదువంటే మూడు రూల్సు. ఒకటి, వేళ్ళు చూడకూడదు. చూసేవాళ్ళ చేతుల మీద గుడ్డ కప్పేసేవాడు. రెండు, ఏ వేలితో కొట్టాల్సిన అక్షరాన్ని ఆ వేలితోనే కొట్టాలి. తప్పితే స్కేలు. మూడు, గంట. లైనులో యాభయ్యో అక్షరం పడగానే టైపుమిషను లోపల టింగ్‌మని చిన్న గంట కొడుతుంది. మార్జిన్ దగ్గర పడింది, కాగితం అయిపోతోంది అని దానర్థం. గంట వినగానే ఉన్న మాట పూర్తి చేసి, ఎడంచేత్తో పైన ఉన్న మీట తోసి, కొత్త లైనుకి వెళ్ళాలి.

ఇంకో సంగతి కూడా ఉంది. అది రూలు కాదు, ఆయన పట్టుదల. కొట్టినదాన్ని దిద్దకూడదు. ఒక్క అక్షరం తప్పినా రబ్బరు పట్టుకోనివ్వడు. కాగితం లాగి పారేసి మళ్ళీ మొదట్నుంచి కొట్టాలి. "దిద్దిన కాగితం మాసిన చొక్కా" అనేవాడు. వాకిట్లో ఆరేసిన ఆయన చొక్కాలు చూపించి నేను నవ్వితే స్కేలు వెతుక్కునేవాడు.

తొంభై అయిదు నాటికి పన్నెండు మిషన్ల ముందు నలుగురు కూర్చుంటున్నారు. పిల్లలంతా కంప్యూటర్ అంటున్నారు. కంప్యూటర్ పరీక్షలకి గుర్తింపు ఉన్న సెంటరు చోడవరంలో లేదు. విశాఖపట్నం పోవాలి. ఆ గుర్తింపు ఉదయకి వస్తే బోర్డు నిలబడుతుంది, రాకపోతే సంక్రాంతి లోపల మేడ ఖాళీ చేసేయడమే. అలా తాత అరవై ఒకటో ఏట కంప్యూటర్ తెప్పించాడు.

వచ్చింది ఒకే ఒక్క పెద్ద పెట్టె. దానికి ఎనిమిది తెరలు, ఎనిమిది కీబోర్డులు, వాటి మధ్య వైర్లు. బిగించడానికి విశాఖపట్నం నుంచి వచ్చిన ఇంజనీరు పేరు శ్యాంప్రసాద్. మీసం సరిగా రాని కుర్రాడు, కానీ తాతకి పాఠం చెప్పేశాడు.

"కంప్యూటర్ ఒక్కటే మాస్టారూ. దాని కడుపులో ఎనిమిది కంప్యూటర్లు తయారు చేస్తాం. అవి నిజంగా ఉండవు. ఉన్నట్టు ఉంటాయి. ఈ తెర ముందు కూర్చున్న పిల్లకి ఈ కంప్యూటరంతా నాదే అనిపిస్తాది. పక్కోడికీ అలాగే."

"ఒకదానిది ఇంకోదానికి తెలీదా?" అన్నాడు తాత.

"తెలీదు మాస్టారూ."

తాత చాలాసేపు ఆ పెట్టె వంక చూశాడు. తర్వాత దాని వెనక్కి వెళ్ళి కూడా చూశాడు. ముప్ఫై ఏడేళ్ళు ఒక మిషను అంటే ఒక మిషనే అని నమ్మిన మనిషి. "లేని మిషను మీద ఉన్న పిల్లలు కూచుంటారన్నమాట" అన్నాడు. నవ్వుదామనుకుని నవ్వలేకపోయాను.

శ్యాంప్రసాద్ ఆ ఎనిమిదింటికీ ఒకటి, రెండు అని నంబర్లు పెట్టబోతే తాత ఒప్పుకోలేదు. పేరు లేనిదాన్ని ఎలా పిలుస్తాం అన్నాడు. ఊళ్ళ పేర్లు పెట్టాడు. చోడవరం, గోవాడ, వడ్డాది, మాడుగుల, అనకాపల్లి, తుని, పాడేరు, అరకు. ఇంగ్లీషులో అందంగా టైపు చేసి ఒక్కో తెర నెత్తిన అంటించాడు. నాకు అరకు వచ్చింది.

మొదటిరోజే రెండు తిప్పలు వచ్చాయి. తయారైన ఎనిమిదీ కడుపులో ఉన్న ఒకే పుస్తకం కోసం కొట్టుకున్నాయి. ఫైలు అనేదాన్ని తాత పుస్తకం అనేవాడు. చోడవరం మీద నాగవేణి ఉత్తరం తెరవగానే గోవాడ మీద దుర్గారావుకి 'ఇది వేరేవాళ్ళు వాడుతున్నారు' అని వచ్చింది. శ్యాంప్రసాద్ దేని పుస్తకం దానికి వేరుగా రాసిచ్చాడు. తర్వాత అన్నీ ఒకేసారి లేవబోయి పెట్టె ఉక్కిరిబిక్కిరై ఆగిపోయింది. ఒకటి లేచాక పదంకెలు లెక్కపెట్టి రెండోది లేవాలని ఏర్పాటు చేశాడు. ఇక చేత్తో ఒక్కొక్కటే లేపితే ఎనిమిదీ బుద్ధిగా లేచాయి.

కానీ చేత్తో లేపితే ముప్పావుగంట పట్టేది. మా చోడవరంలో కరెంటు రోజుకి నాలుగుసార్లు పోయేది. పోయినప్పుడల్లా లేని ఎనిమిది కంప్యూటర్లు నిజంగానే లేకుండా పోయేవి. పైగా తనిఖీ రూలు ఏమిటంటే, వచ్చిన అధికారి మెయిన్ స్విచ్ ఆపి మళ్ళీ వేస్తారు. పది నిమిషాల్లో ఎనిమిదీ లేవాలి. ఎవరూ చెయ్యి పెట్టకూడదు. తనిఖీ శుక్రవారం.

దానికి ఉపాయం స్క్రిప్టు అన్నాడు శ్యాంప్రసాద్. చేయాల్సిన పనులన్నీ ఒక కాగితం మీద రాసి లోపల పెడితే, కరెంటు రాగానే కంప్యూటరే చదువుకుని చేసుకుంటుందట. ఆయనకి బస్సు టైమైపోయింది. ఆ కాగితంలో రాయాల్సినది ఆదివారం ఫోన్లో చెప్పాడు. తాత కింద ఎస్.టి.డి. బూత్‌లో నిలబడి షార్ట్‌హ్యాండ్‌లో దించుకున్నాడు. మేడెక్కి రెండు నిమిషాల్లో కంప్యూటర్లో కొట్టేశాడు. అందులో చివరి లైను అసలైనది. 'లేపు' అనే ఆజ్ఞ, దాని వెనక వరసగా ఎనిమిది ఊళ్ళ పేర్లు.

స్విచ్ ఆపి వేశాడు. చోడవరం లేచింది. గోవాడ, వడ్డాది, మాడుగుల, అనకాపల్లి లేచాయి. అక్కడితో ఆగిపోయింది. పెట్టె పక్కనే ఉండే పెద్దతెర మీద ఇంగ్లీషులో ఒక ముక్క పడింది.

"ఏటి రాసింది?" అంది అమ్మమ్మ, కాఫీ గ్లాసు పట్టుకుని.

"తుని కనపడలేదట."

"తుని కనపడకపోడమేటండీ. మా సెల్లెలు ఆ ఊర్లోనే ఉంది కదా."

తాత ఆ కాఫీ తాగలేదు. తుని తెర వైరు విప్పి మళ్ళీ బిగించాడు. వైరు మార్చాడు. తుని తెరని చోడవరం స్థానంలోకి, చోడవరాన్ని తుని స్థానంలోకి మార్చాడు. తెర బాగానే ఉంది, వైరూ బాగానే ఉంది. సోమవారమంతా బల్లకిందే గడిపాడు. కింద నుంచి ఆయన కాళ్ళు మాత్రమే కనపడేవి.

"బొద్దింకలకి కూడా టైపు నేర్పుతన్నారేటి?" అంది అమ్మమ్మ.

"నవ్వకే. తుని దొరకట్లేదు."

"అది దొరక్కపోతే పోనీ. పాడేరుకీ అరకుకీ ఏటొచ్చింది? తుని ఏ మూల, పాడేరు ఏ మూల?"

ఆ ప్రశ్నకి తాత బల్లకింది నుంచి తల బయటపెట్టాడు. మంచి ప్రశ్నే. జబ్బు తునికైతే మిగతా రెండూ ఎందుకు పడుకున్నాయి?

మంగళవారం పొద్దున్నే ఒక పరీక్ష పెట్టాడు. చివరి లైను మొత్తం మళ్ళీ కొట్టి, ఈసారి తునిని అన్నిటికంటే ముందు పెట్టాడు. తుని చక్కగా లేచింది. చోడవరం నుంచి అనకాపల్లి దాకా కూడా లేచాయి. ఆ తర్వాత తెర మీద 'పాడేరు కనపడలేదు' అని పడింది.

నాకైతే భయం వేసింది. జబ్బు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి బస్సెక్కి పోయినట్టుంది. వరసలో వెనక ఎవరుంటే వాళ్ళని పట్టుకుంటోంది.

తాత కిందికి పరిగెత్తి శ్యాంప్రసాద్‌కి ఫోన్ చేశాడు. నేను పక్కనే నిలబడ్డాను.

"మెమరీ చాలట్లేదేమో మాస్టారూ. ఆరు మించి ఎత్తలేకపోతన్నాదేమో."

"చేత్తో లేపితే ఎనిమిదీ లేస్తన్నాయయ్యా. అప్పుడు చాలిన మెమరీ ఇప్పుడు చాలదా?"

బూత్‌లో మీటరు తిరుగుతోంది. "సరే, స్క్రిప్టు మొత్తం చదవండి. తప్పు పడిందేమో చూద్దాం" అన్నాడు శ్యాంప్రసాద్.

తాత ఛాతీ విరుచుకున్నాడు. ఈ ఊళ్ళో ఆయన కొట్టినదాంట్లో తప్పు వెతికినవాళ్ళు లేరు. మొదటి అక్షరం నుంచి చివరి అరకు దాకా, చుక్కలతో సహా, ఊపిరి తీసుకోకుండా చదివాడు.

"ఒక్క అక్షరం తేడా లేదు మాస్టారూ" అన్నాడు శ్యాంప్రసాద్ నీరసంగా. "నేను శనివారం గానీ రాలేను."

తనిఖీ శుక్రవారం కదా. తాత ఫోన్ పెట్టేసి మెట్లెక్కాడు. ఎప్పుడూ రెండేసి ఎక్కేవాడు, ఆవేళ ఒక్కొక్కటే ఎక్కాడు.

ఆ రోజు మిగిలిన పొద్దంతా ఆ లైనునే కొట్టాడు. దిద్దడు కదా, ప్రతిసారీ చెరిపేసి మొదట్నుంచి కొట్టాడు. ప్రతిసారీ అచ్చు ఒకేలా వచ్చింది. నాగవేణి, దుర్గారావు వెనక నిలబడి చూశారు. "ఎంత నీటుగుందో మాస్టారూ, ఉత్తరంలా" అంది నాగవేణి. నిజమే. తెర మీద ఆ కాగితం కుడి అంచు తాడు పట్టి గీసినట్టుంది. నేనూ మెచ్చుకున్నాను. అది నా వంతు పాపం.

బుధవారం మధ్యాహ్నం తాత కంప్యూటర్ మీద గుడ్డ కప్పేశాడు. మూలనున్న తన పాత రెమింగ్టన్ టైపుమిషను ముందు కూర్చుని, కాగితమూ కార్బనూ ఎక్కించాడు. తనిఖీ అధికారికి ఉత్తరం. మా సంస్థ సిద్ధంగా లేదు, దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాం అని.

అమ్మమ్మ గుమ్మంలో నిలబడింది. నాకు గుర్తున్నంతలో టైపు కొడుతుండగా తాత చిత్తుప్రతి వంక చూడకపోవడం అదే మొదటిసారి. ఆ ఉత్తరానికి చిత్తుప్రతి లేదు. చూపు పెట్టుకోవడానికి చోటు లేక, తల దించుకున్నాడు. ఆయన కళ్ళు తన చేతుల మీద పడ్డాయి.

టింగ్‌మంది. ఎడంచెయ్యి లేచి మీట తోసింది. అదే క్షణంలో కుడిచేతి చిటికెనవేలు చాపుకుని, మిషను పక్కన ఏమీ లేని బల్ల మీద టక్కున కొట్టింది.

తాత ఆగిపోయాడు. ఆ వేలిని ఎవరిదో అన్నట్టు చూశాడు.

"ఇదేంటి, ఇదెప్పట్నుంచి?" అన్నాడు ఎవర్నీ కాకుండా.

ఇంకో లైను కొట్టాడు. టింగ్. ఎడంచెయ్యి, దాంతోపాటే చిటికెనవేలు. ఇంకో లైను. మళ్ళీ అంతే.

"చిన్నతల్లీ" అని నన్ను పిలిచాడు. "కంప్యూటర్లో లైను తిప్పడానికి ఏ మీట?"

"ఎంటర్. కుడిపక్కది. చిటికెనవేలితో కొట్టాలని నువ్వే కదా చెప్పేవు."

"అక్కడ గంట ఉందా?"

"లేదు."

"మరి నేను ఎప్పుడు తిప్పుతున్నాను?"

నాకేం తెలుసు. నేను తెరలు చూశాను గానీ ఆయన వేళ్ళు ఎప్పుడు చూశాను. గుమ్మంలోంచి అమ్మమ్మ అంది, "ఎప్పుడేటి. ఎప్పుడూ తిప్పినప్పుడే తిప్పుతన్నారు. వంటింట్లోకి యినపడతాది కదా, టకటకటకా, ఆకర్న పెద్ద దెబ్బ. గంటొక్కటే లేదు గానీ, లెక్క అదే లెక్క. ముప్పై ఏళ్ళుగా ఆ లెక్క మీదే పప్పు దింపుతన్నాను."

తాత లేచి కంప్యూటర్ మీది గుడ్డ తీశాడు. చివరి లైను చూపుడువేలితో ఒక్కో అక్షరం లెక్కపెట్టాడు. యాభయ్యో అక్షరం అనకాపల్లిలో పడింది. ఉన్న మాట పూర్తి చేశాడు. లైను తిప్పాడు. తుని, పాడేరు, అరకు కింది లైనులోకి పోయాయి. కాగితం మీదైతే రెండు లైన్లూ కలిపి చదువుకుంటాం. ఫోన్లో చదివినా కలిసే వినపడతాయి. కంప్యూటర్‌కి మాత్రం ఎంటర్ పడితే ఆజ్ఞ అక్కడితో ముగిసినట్టే. పైలైను చదివి అయిదు ఊళ్ళు లేపింది. కింది లైనుకి వచ్చేసరికి మొదటి మాటే ఆజ్ఞ అనుకుంది. తుని అనే పని ఏదో చెయ్యమంటున్నారని వెతికి వెతికి, అలాంటి పని కనపడలేదని చెప్పింది. తునిని ముందు పెడితే యాభై దాటేలోగా ఆరు పేర్లు పట్టాయి కాబట్టి, ఆ పిలుపు పాడేరు మీద పడింది.

అది అబద్ధం ఆడలేదు. మూడు రోజులుగా నిజమే చెబుతోంది.

ఇక తిప్పకుండా కొట్టడమే కదా అనుకున్నాం. తాత కూర్చుని కొట్టాడు. అనకాపల్లి రాగానే వేలు వెళ్ళి ఎంటర్ కొట్టేసింది. చెరిపాడు, మళ్ళీ కొట్టాడు, మళ్ళీ కొట్టేసింది. మూడోసారి వేలిని తిట్టాడు కూడా. నేను కొడతానంటే చూసిన చూపుకి నోరు మూసుకున్నాను.

అమ్మమ్మ లోపలికెళ్ళి పూలు కట్టే దారం తెచ్చింది. ఆయన చిటికెనవేలిని పక్కవేలికి కలిపి నాలుగు చుట్లు చుట్టి ముడేసింది.

"మరి చిటికెనవేలి అక్షరాలు?"

"వేరే ఏలితో కొట్టండి. సూసేవోళ్ళెవరు, నేనూ ఈ గుంటే కదా."

ముప్ఫై ఏడేళ్ళు స్కేలుతో ఊరందరి వేళ్ళూ సరిచేసిన మా తాత, ఆ లైనుని తప్పుడు వేళ్ళతో, కళ్ళు కీబోర్డు మీద పెట్టి, మొదటిరోజు చేరిన కుర్రాడిలా వెతుక్కుంటూ కొట్టాడు. తిప్పని ఆ లైను మార్జిన్ దాటి తెర కుడి అంచు వైపు పొడుచుకొచ్చింది. ఆయన మొహం చేదుగా పెట్టి, చూడలేనట్టు తల తిప్పుకుని, స్విచ్ ఆపి వేశాడు.

చోడవరం. పదంకెలు. గోవాడ. పదంకెలు. వడ్డాది, మాడుగుల. అనకాపల్లి లేచాక ఆ పదంకెలూ నేను బయటికే లెక్కపెట్టాను. తుని లేచింది. పాడేరు లేచింది. నా అరకు లేచింది. కుర్చీల్లో ఎవరూ లేని గదిలో ఎనిమిది తెరలు వరసగా వెలుగుతున్నాయి. తాత తెరల మధ్య మెల్లగా నడిచాడు. ఒక్కోదాని ముందూ ఆగి, దారం చుట్టిన చేత్తో దాని నెత్తి తాకాడు. ఆ ఉత్తరం, కార్బన్ కాపీతో సహా, అమ్మమ్మ చింపి పొయ్యిలో పెట్టింది.

శుక్రవారం వచ్చిన అధికారి రూపాదేవి గారు. నవ్వని మనిషి. కంప్యూటర్ వచ్చాక కొత్తగా చేరినవాళ్ళతో కలిపి ఎనిమిది మంది పిల్లలం కూర్చున్నాం. ఆమె స్వయంగా మెయిన్ స్విచ్ ఆపి, గడియారం చూసుకుని వేసింది. తాత చేతులు వెనక్కి కట్టుకున్నాడు. అరకు లేచేసరికి ఆరు నిమిషాలయింది.

"ఎవరు చేశారిది?" అంది.

"విశాఖపట్నం ఇంజనీరు గారు చెప్పారమ్మా, నేను టైపు కొట్టాను" అన్నాడు తాత. అది నిజమే. మూడు రోజుల సంగతి చెప్పలేదు. అది కూడా నిజాయితీ కిందే లెక్క అని నాతో తర్వాత వాదించాడు.

"గుర్తింపుకి రాస్తున్నాను. రిపోర్టు ఇక్కడే కొడతారా? నేను చెబుతాను. దీని మీదే కొట్టండి."

నాగవేణి లేచి చోటిస్తే తాత చోడవరం ముందు కూర్చున్నాడు. ఉత్తరాలు కొట్టే ప్రోగ్రాం తెరిచాం. ఆమె చెబుతోంది, ఆయన కొడుతున్నాడు. దారం లేదు. యాభయ్యో అక్షరం దగ్గర పడుతోందని నాకు తెలుసు, అప్పటికి నేనూ లెక్కపెడుతున్నాను. చిటికెనవేలు లేచింది. తాత దాన్ని గాల్లోనే ఆపాడు. మిగతా వేళ్ళు కొట్టుకుంటూ పోయాయి. అరవై, అరవై రెండు, అరవై అయిదు.

కొడుతున్న మాట మార్జిన్ దగ్గర ఆగలేదు. ఎవరూ ఏమీ చేయకుండానే, ఆ మాట మొత్తం లేచి, దానంతట అదే కింది లైను మొదట్లోకి వచ్చి కూర్చుంది.

ఆ ప్రోగ్రాం లైను తనే తిప్పుకుంటుందని మాలో ఎవరికీ తెలీదు. తాత దానికి ఎప్పుడూ అవకాశం ఇవ్వలేదు. ఆయన దగ్గర నేర్చుకున్న మేమూ ఇవ్వలేదు. ముప్ఫై ఏడేళ్ళలో ఆ చేతులు ఎన్ని లక్షల లైన్లు తిప్పి ఉంటాయో. తాత రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, నోరు కొంచెం తెరిచి, ఆ మాట వంక చూస్తూ ఉండిపోయాడు.

"ఆగిపోయారేం మాస్టారూ, తర్వాతది చెప్పనా?" అంది రూపాదేవి గారు.

"ఒక్క నిమిషం అమ్మా" అన్నాడు తాత. "అది ఇంకోసారి చూస్తాను."

ఆ లైనులో ఒక్క తప్పు కూడా లేదు. దాన్ని సగం దాకా చెరిపేసి, మళ్ళీ కొట్టడం మొదలుపెట్టాడు.